పిడికి పట్టిన పొడి

డ్రాయరు లాగగానే వాసనే ముందొచ్చింది.
ముక్కిన వెన్న. పసివాడు కక్కిన పాలు.
"ఎలక చచ్చిందేమోనని రెండుసార్లు వెతికించాను"
అంది ఇర్యా లాంపినెన్, ముక్కు మూసుకోకుండానే.
ఏప్రిల్ నెల, థండర్ బే.
కిటికీ అవతల సరస్సు మీద మంచు
పగిలినప్పుడల్లా ఎవరో తలుపు కొట్టినట్టుంది.

పన్నెండు స్క్రూడ్రైవర్లు.
ఆకుపచ్చవి, ఎర్రవి, తేనెరంగుది ఒకటి.
ఒకప్పుడు ఇటునుంచి అటు వెలుగు దూరిపోయే పిడులు.
ఇప్పుడు వాటి గాడిగాడికీ
బూడిదగుమ్మడి మీది నూగులాంటి తెలుపు.

బూజంది.
కాదన్నాను.
బూజయితే బయటినుంచి వచ్చి వాలుతుంది,
ఇది లోపలినుంచే.
పోతపోసిన నాడు ప్లాస్టిక్‌లో కలిసిన పులుపు
యాభై ఏళ్ళుగా మెల్లగా బయటికి నడుస్తోంది.
గాలాడితే ఎగిరిపోయేది.
పెట్టెలో మూసిపెడితే ఎక్కడికి పోతుంది,
తన ఒంటి మీదే తాను ఆరిపోతుంది.
బళ్ళో వర్క్‌షాప్ పిల్లలకు చెప్పే గొంతుతోనే చెప్పాను.
ఆ గొంతు అక్కడ నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

ఉర్హో పోయి పదకొండేళ్ళు.
పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టలేదని ఆవిడ అంటోంది గానీ
తేనెరంగుది మాత్రం శుభ్రంగా ఉంది,
అరచేతి జిడ్డుతో నున్నగా మెరుస్తోంది.
నేను దాన్నే చూస్తున్నానని చూసింది.
"కాఫీ కెటిల్ పిడి వారానికోసారి వదులవుతుంది" అంది.
పొయ్యి మీద ఆ కెటిల్, మూతకు సొట్ట.
కొత్తది కొనొచ్చు కదా అని నేననలేదు.
ఆవిడా ఎందుకు కొనలేదో చెప్పలేదు.

గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, అరిగిన టూత్‌బ్రష్.
ఒక్కోటీ తోముతుంటే బేసిన్‌లో
పలచటి మజ్జిగ తేలింది.
ఎరుపు మళ్ళీ ఎరుపైంది.
పొడవాటి ఆకుపచ్చదాన్ని ముంచబోతే
ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.
చలిచేతులు, గట్టి పట్టు.

"ఆగు. అవేమిటి?"

పిడి కొస దగ్గర చిన్నచిన్న గాట్లు,
పైన నాలుగు, కింద మూడు.
గాట్లలోకి తెలుపు దిగి
పలక మీద సుద్దగీతల్లా తేలాయి.
టెలిఫోన్ స్తంభాల మీద, సున్నాకి ముప్పై కింద,
రెండు చేతులూ తీగల్లో ఇరుక్కుంటే
మూడో చెయ్యి నోరే.
ఇనుము కరిస్తే పెదవి ఊడొస్తుంది,
అందుకని పిడిని కరిచేవాడు.

ఇర్యా ఆ గాట్ల మీద గోరు పెట్టింది.
కింది వరసలో ఒకచోట ఖాళీ.
"అక్కడ పన్ను లేదు. పెళ్ళికి ముందే
హాకీలో ఊడగొట్టుకున్నాడు" అంది,
ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.
నలభై మూడేళ్ళు ఆ పిడిని డ్రాయర్లో చూసింది.
తెల్లబడేదాకా కనపడలేదు.

తేనెరంగుది ఇవ్వలేదు.
ఆకుపచ్చది ఉతకనివ్వలేదు, ఇవ్వనూ లేదు.
పేపర్‌లో చుట్టబోయి, నేను చెప్పింది గుర్తొచ్చిందేమో,
విప్పి, కిటికీ గట్టు మీద గాలికి పెట్టింది.
పదింటికి ఇరవై డాలర్లిచ్చాను.
అయిదు వెనక్కిచ్చింది, కడిగింది నువ్వే కదా అని.

కారులో దారంతా ఆ వాసన.
బళ్ళో డార్సీ అనే పిల్లాడు
"సార్, ఇది మా అన్న హాకీ సంచి" అన్నాడు.
అందరూ నవ్వారు. నేనూ.

మూత లేని ట్రేలో, కిటికీ పక్కనే ఉంచాను.
అయినా జూన్ చివరికి
ఎర్రదాని గాడిలో సన్నగా ఒక తెల్లగీత.
గుడ్డ తీశాను.
ముందు దాన్ని వెలుతురుకి పట్టి,
ఇటూ అటూ తిప్పి,
ఇంకేమైనా రాసుందేమోనని చూశాను.